నీళ్ళ మీద తేలిన ఇటుక

చి. లహరికీ, చి. చిన్నుకీ తాతయ్య ఆశీస్సులు.

మొన్న ఫోన్లో లహరి ఒక్క ముక్క అడిగింది: "తాతయ్యా, పైన గది కడుతున్నారు కదా, ఆ తెల్ల ఇటుక ముక్క బకెట్లో వేస్తే తేలింది. ఎందుకు?" ఫోన్లో చెబితే సగం విని పరుగెడతారు. అందుకే ఉత్తరం.

ముందు నాయనమ్మ ఇడ్లీ పిండి సంగతి. రాత్రి గిన్నెలో సగానికే పోస్తుంది. పొద్దున్నకి మూత తోసుకుని పొంగి ఉంటుంది. పిండి పెరగలేదు, లోపల బుడగలు పెరిగాయి. మీ తెల్ల ఇటుకా అంతే. ఏఏసీ బ్లాకు అంటారు దాన్ని, ఆటోక్లేవ్డ్ ఏరేటెడ్ కాంక్రీట్, అంటే గాలి బుడగలతో పొంగించి ఆవిరిలో ఉడికించిన కాంక్రీటు. రవ్వకి బదులు అందులో బూడిద. థర్మల్ కరెంటు కేంద్రాల్లో బొగ్గు కాలగా మిగిలేదే. మినప్పిండికి బదులు సున్నమూ సిమెంటూ. ఉప్పులా కాస్త జిప్సం. కొన్నిచోట్ల బూడిద కాకుండా మెత్తటి ఇసుక వేస్తారు. నీళ్ళు పోసి జారుగా కలిపి పెద్ద ఇనప అచ్చులో పోస్తారు. నిండా మాత్రం పొయ్యరు. పోస్తే పొంగి నేలపాలే.

రాత్రంతా పులియబెట్టే తీరిక ఫ్యాక్టరీకెక్కడిది? అందుకని సత్తు పొడి కలుపుతారు. మన సత్తు గిన్నెల సత్తే, అల్యూమినియం. ఘనమీటరు ఇటుకకి అర కిలో చుట్టుపక్కల, అంతే! సున్నం నీళ్ళు తగలగానే ఆ పొడి వల్ల హైడ్రోజన్ వాయువు పుడుతుంది.

ఈ వాయువుతో నాకు పాత పరిచయం. ఆరేళ్ళప్పుడు మా నాన్న భుజమ్మీద కోటప్పకొండ తిరునాళ్ళకి వెళ్ళాను. ఆయన ప్రభలు చూపిస్తుంటే నా చూపంతా బూరలవాడి మీదే. వాడు ఇనప బుడ్డిలో సత్తు ముక్కలు, కాస్టిక్ సోడా, నీళ్ళు పోసి మూత బిగించేవాడు. గొట్టానికి బూర తగిలిస్తే లేచి నిలబడేది. పది పైసలకి ఒకటి కొనిపెట్టి, దారం వేలికి చుట్టుకోమన్నారు నాన్న. నేను వింటేనా? జనంలోంచి బయట పడకముందే అది ఆకాశంలోకి పోయింది. ఊరొచ్చేదాకా ఏడ్చాను. (మీరు ఇలాంటిది ఇంట్లో చెయ్యబోకండి. అలాంటి బుడ్డీలు పేలి మనుషులు పోయారు. చిన్నూ, నీకే చెబుతున్నా.)

అలాంటి బూరలే, ఆవగింజంతవి, లక్షలకొద్దీ ఆ పిండిలో ఇరుక్కుంటాయి. పిండి పొంగుతుంది. తర్వాత హైడ్రోజన్ మెల్లగా జారుకుంటుంది, ఆ గూళ్ళలోకి మామూలు గాలి చేరుతుంది. మీ ఇటుకలో ముప్పాతిక వంతు దాకా గాలే. తేలక ఏం చేస్తుంది?

రెండు మూడు గంటలకి కాస్త గట్టిపడుతుంది, వేలితో నొక్కితే ఇంకా దిగుతుంది. అప్పుడు బిగించిన సన్నటి ఉక్కు తీగలతో కోస్తారు. ఇడ్లీని ఎవరూ తీగతో కొయ్యరు, నాకూ తెలుసు. ఇక్కడికి మాత్రం జున్ననుకోండి. మళ్ళీ ఇడ్లీకి వచ్చేద్దాం, ఎందుకంటే కోశాక ఆవిరికి పెడతారు. నాయనమ్మకి పన్నెండు నిమిషాలు చాలు, వీళ్ళకి పది పన్నెండు గంటలు కావాలి. పెద్ద ఇనప గొట్టంలో పెట్టి తలుపు బిగిస్తారు. లోపల 190 డిగ్రీల దాకా వేడి, బయటి గాలికి పది పన్నెండు రెట్ల ఒత్తిడి. ఇడ్లీ దిగితే మెత్తన, ఇది దిగితే రాయి. నా పోలిక ఇక్కడ చతికిలబడింది, ఒప్పుకుంటున్నా. ఆ వేడిలో సున్నం, బూడిదలోని సిలికా (ఇసుకలో ఉండేదే) కలిసి సన్నటి స్ఫటికాలు అల్లుకుంటాయట. ఎలా అల్లుకుంటాయో మీ సైన్సు మాస్టారిని అడగండి.

స్వీడన్‌లో యోహాన్ ఆక్సెల్ ఎరిక్సన్ అనే ఆయన చెక్కలా తేలిగ్గా ఉండి, కాలనిది, పుచ్చనిది కావాలని వెతికి 1924లో దీనికి పేటెంటు తీసుకున్నాడు. ఆ చలిదేశంలో లోపలి వెచ్చదనం బయటికి పోకూడదు. మనకి మేలో బయటి సెగ లోపలికి రాకూడదు. గోడకి రెండూ ఒకటే పని.

మా చిన్నప్పుడు ఊరి పక్క చేను ఒకటి ఇటుక బట్టీకి మట్టి అమ్ముకుంది. పైమట్టి పోయిన చేను, వానొస్తే మడుగు. మళ్ళీ అక్కడ మంచి పంట చూడలేదు నేను. మన బొగ్గు నూరు కిలోలు కాలిస్తే 30, 40 కిలోలు బూడిదే. రామగుండం కరెంటు కేంద్రంలోనైనా ఇబ్రహీంపట్నం కేంద్రంలోనైనా అది చెరువులకి చెరువులు నిండుతుంది. పారేసేదాంతో గోడ లేస్తుంటే, చేను గోడలోకి పోనక్కర్లేదు కదా. అలాగని పుణ్యమంతా దీనిదే అనను. సున్నానికీ సిమెంటుకీ బట్టీలు మండాల్సిందే. పైగా ఇది నీళ్ళు పీలుస్తుంది, బయట పూత బాగుండాలి. మామూలు మేకు కొడితే నిలవదు కూడా. మీ నాన్న గడియారం తగిలించి, మర్నాడే పగిలిన అద్దం ఏరుకోలేదూ?

ఇక మీ పని. మేస్త్రి నడిగి ఒక తెల్ల బ్లాకు పట్టుకు చూడండి. రెండడుగుల పొడవు, ఎనిమిదంగుళాల ఎత్తు, నాలుగంగుళాల మందం ఉన్నదైతే సుమారు ఏడు ఎర్ర ఇటుకలంత చోటు. ఆరినది ఏడెనిమిది కిలోలు తూగుతుంది. ఏడు ఎర్ర ఇటుకలు ఎంత తూగుతాయో మీరే తూచండి. తర్వాత చిన్న ముక్కని బకెట్లో వదిలి, నీళ్ళు ఎక్కడిదాకా వచ్చాయో పెన్సిలు గీత పెట్టండి. రోజూ పొద్దున్నే చూసి, ఎన్నాళ్ళకి ఎంత దిగిందో నాకు రాయండి.

ఇక్కడ నేనూ ఒక ముక్క వేశాను, నాయనమ్మ ఇడ్లీ గిన్నెలో. ఆవిడ ఇంకా చూసుకోలేదు.

మీ తాతయ్య