లాఫయెట్‌ను ఎందుకు బతికించారు?

షార్లెయిన్ హ్యారిస్ రాసిన సూకీ స్టాక్‌హౌస్ నవలల్లో రెండోది ఒక శవంతో మొదలవుతుంది. అమెరికాలోని లూసియానా రాష్ట్రంలో బాన్ టాం అనే కల్పిత ఊరు. అక్కడి బార్ ముందు ఆగి ఉన్న డిటెక్టివ్ కారులో వంటవాడు లాఫయెట్ చచ్చిపడి ఉంటాడు. ఈ నవలల ఆధారంగా అమెరికన్ టీవీ చానెల్ హెచ్‌బీఓ తీసిన వాంపైర్ల (రక్తపిశాచాల) ధారావాహిక ‘ట్రూ బ్లడ్’ తొలి సీజన్ 2008 నవంబరులో అదే కారు దగ్గర ముగిసింది. లోపల గోళ్ళరంగు వేసుకున్న ఒక పాదం కనిపించింది. నవల చదివినవాళ్ళు లెక్క తేల్చేశారు, లాఫయెట్ పని అయిపోయిందని.

2009 జూన్‌లో రెండో సీజన్ మొదలైంది. కారులో ఉన్నది లాఫయెట్ కాదు, దెయ్యాలు వదిలిస్తానని చెప్పి డబ్బు గుంజే మిస్ జెనెట్. లాఫయెట్ మాత్రం ఒక వాంపైర్ బార్ కింద నేలమాళిగలో గొలుసులతో బందీగా, ప్రాణాలతో ఉన్నాడు. నటుడు నెల్సన్ ఎలిస్ ఆ పాత్రకు పోసిన జీవం చూశాక అతన్ని చంపడానికి దర్శక నిర్మాతలకు చేతులు రాలేదు. ఏడో సీజన్ చివరి దాకా లాఫయెట్ ఉన్నాడు.

ఈ మార్పును నవలాభిమానుల్లో చాలామంది క్షమించారు, మెచ్చుకున్నారు కూడా. నల్లజాతి స్వలింగ ప్రియుడైన వంటవాడు నవలలో హత్య మిస్టరీకి ఒక ముడిసరుకు మాత్రమే. తెరమీద అతను ఆ ఊరికే గొంతయ్యాడు. నా మటుకు నాకు ఆ ధారావాహిక చేసిన మార్పులన్నిటిలో ఉత్తమమైనది ఇదే. అయితే ఒక మార్పును క్షమించినవాళ్ళు మరొక మార్పుకు ఎందుకు మండిపడ్డారు?

దానికి జవాబు నవలలు చెప్పిన తీరులో ఉంది. 2001లో వచ్చిన మొదటి పుస్తకం నుంచి 2013లో వచ్చిన పదమూడో పుస్తకం దాకా కథ దాదాపు అంతా నాయిక సూకీ నోటనే నడుస్తుంది. ఆమె ఇతరుల మనసులోని మాటలు వినగలిగే వెయిట్రెస్. ఆమె లేనిచోట ఏం జరిగిందో పాఠకులకూ దాదాపుగా తెలియదు. వాంపైర్ల మనసులు మాత్రం ఆమెకు వినిపించవు. తాను ప్రేమించిన వాంపైర్ బిల్ కాంప్టన్ పక్కన కూర్చుంటే ఆమెకు ప్రాణం హాయిగా ఉండటానికి కారణం అదే. పదమూడు పుస్తకాలు ఆ ఒక్క బుర్రలో కాపురం చేసిన పాఠకులకు సూకీ దూరపు మనిషి కాదు.

టీవీకి ఈ పద్ధతి కుదరదు. నాయిక ప్రతి సన్నివేశంలో ఉంటే ఆ నటికి షూటింగులో ఊపిరి కూడా ఆడదు. అందుకే రూపకర్త అలన్ బాల్ ఊరందరికీ కథలు పంచారు. నవలల్లో బట్టల దుకాణం నడిపే శ్వేతజాతి స్నేహితురాలు టారా, తెరమీద నల్లజాతి యువతిగా, సూకీకి ప్రాణమిత్రురాలిగా మారి కథలో సగం బరువు మోసింది. జెసికా అనే కుర్ర వాంపైర్ నవలల్లో ఎక్కడా లేదు, పూర్తిగా కొత్త సృష్టి. పాత్రలు పెరిగేకొద్దీ సూకీ వాటా తగ్గింది. పుస్తకాల్లో చమత్కారంగా, జాగ్రత్తగా ఆలోచించే పిల్ల, తెరమీద ఎప్పుడూ కాపాడబడుతూ ఉండే నాయిక అయిపోయిందని పాఠకులు వాదించారు. సంఘటనలు మారడం కన్నా ఈ నష్టమే వాళ్ళను ఎక్కువగా బాధించిందని నాకనిపిస్తుంది. ఆలోచనలు వినిపించని సూకీ వాళ్ళకు పరాయి మనిషి.

హ్యారిస్ మాత్రం ఈ గొడవలో తలదూర్చలేదు. హక్కులు అమ్మారు, రెండో సీజన్ ముగింపులో బార్‌లో ఒక చిన్న వేషం కూడా వేశారు, తన నవలలు తాను రాసుకుంటూ పోయారు. అయిదో సీజన్ నాటికి పుస్తకాలదీ తెరదీ ఎవరి దారి వారిదే. ఆ సీజన్ తర్వాత బాల్ కూడా పగ్గాలు వదిలేశారు.

అసలు తమాషా ముగింపుల దగ్గర జరిగింది. 2013 మేలో రావలసిన చివరి నవల కథ ముందే బయటికి పొక్కింది. సూకీ చివరికి బార్ యజమాని సామ్‌కు దగ్గరవుతుందని తెలిసి, ఎరిక్ అనే వాంపైర్‌ను కోరుకున్న పాఠకులు భగ్గుమన్నారు. రచయిత్రికి బెదిరింపులు కూడా వచ్చాయి. మూలానికి అన్యాయం జరిగిందనే మాటకు ఇక్కడ చోటే లేదు, ఎందుకంటే ఇది మూలమే. మరుసటి ఏడాది ఆగస్టులో ధారావాహిక ముగిసింది. బిల్ తనను చంపమని సూకీనే కోరాడు. ఆ తర్వాత ఆమె పెళ్ళాడిన మనిషి ముఖం కూడా చూపించలేదు. ఆ ముగింపునూ తిట్టారు. అభిమానులు మూలం పేరుతో కొట్లాడుకున్నా, చాలామంది మనసులో ఉన్నది తాము కోరుకున్న జంట. మన వారపత్రికల సీరియళ్ళు సినిమాలుగా వచ్చిన రోజుల్లో, హాలు బయట “నవలలో ఇలా లేదు” అని గొణిగినవాళ్ళకు ఈ కోపం కొత్తేమీ కాదు.

నిజానికి రక్తపిశాచాల విషయంలో మూలం ఏదో తేల్చడమే కష్టం. ఎండ తగిలితే వాంపైర్ చచ్చిపోతుందనేది నేటి అభిమానులకు దాదాపు శాసనం. కానీ 1897 నాటి బ్రామ్ స్టోకర్ నవలలో డ్రాక్యులా పట్టపగలు లండన్ వీధిలో తిరుగుతాడు, శక్తులు మాత్రం తగ్గుతాయి. ఎండకు మసైపోవడం 1922లో జర్మనీలో తీసిన మూకీ చిత్రం ‘నోస్ఫెరాటు’ చేసిన మార్పు. అది అనుమతి లేకుండా తీసిన సినిమా. స్టోకర్ భార్య ఫ్లారెన్స్ కోర్టుకెక్కారు, ప్రతులన్నీ నాశనం చేయాలని తీర్పు వచ్చింది. సినిమా ఎలాగో బతికింది, దాని మార్పు ఏకంగా సంప్రదాయమైంది.

ఆన్ రైస్ కథ ఇంకొక రకం. తన 1976 నవల ‘ఇంటర్వ్యూ విత్ ద వాంపైర్’ సినిమాగా వస్తుంటే, లెస్టాట్ అనే వాంపైర్ పాత్రకు టామ్ క్రూజ్‌ను తీసుకున్నందుకు ఆమె బహిరంగంగా మండిపడ్డారు. 1994లో సినిమా చూశాక డబ్బు పెట్టి ప్రకటన వేసి మరీ మెచ్చుకున్నారు. ఆమె 2021 డిసెంబరులో మరణించారు. 2022 అక్టోబరులో అదే నవల ఆధారంగా ఏఎంసీ చానెల్ ధారావాహిక వచ్చింది. నవలలో విలేఖరికి తన కథ చెప్పే వాంపైర్ లూయీ 1791 నాటి శ్వేతజాతి తోట యజమాని, బానిసలున్నవాడు. తెరమీద 1910 నాటి న్యూ ఆర్లియన్స్‌లో నల్లజాతి వ్యాపారి. నవలలో అయిదేళ్ళ వాంపైర్ పిల్ల క్లాడియాకు తెరమీద పద్నాలుగేళ్ళు వచ్చాయి. వాదులాట మొదలైంది. అయిదో ఎపిసోడ్‌లో లెస్టాట్ లూయీని చావబాది ఆకాశం నుంచి వదిలేశాక అది భగ్గుమంది, మా లెస్టాట్ అలాంటివాడు కాడని.

ఇక్కడ దర్శక నిర్మాతలు తెలివైన పని చేశారు. ధారావాహికలో ఇది లూయీ ఇస్తున్న రెండో ఇంటర్వ్యూ. ముసలివాడైన విలేఖరి అతని జ్ఞాపకాలను అడుగడుగునా నిలదీస్తాడు, రెండో సీజన్‌లో కొన్ని జ్ఞాపకాలు తారుమారవుతాయి కూడా. ఇది మూలానికి ద్రోహమనడం కష్టం. 1985లో వచ్చిన రెండో నవలలో లెస్టాట్ స్వయంగా లూయీ చెప్పినవాటిని ఖండించాడు. మూలమే తన మూలాన్ని కాదన్నది.

రచయిత్రి ఎల్.జె. స్మిత్‌కు మాత్రం ఇంత వెసులుబాటు దొరకలేదు. 1991లో ‘ద వాంపైర్ డైరీస్’ నవలలను ఆమె ఒక పుస్తక నిర్మాణ సంస్థ కోసం కూలి ఒప్పందం మీద రాశారు, కాబట్టి హక్కులు ఆమెవి కావు. 2009లో టీవీ ధారావాహిక వచ్చి పుస్తకాల గిరాకీ పెరిగింది. తెరమీద నాయిక ఎలీనా జుట్టు రంగు దగ్గర నుంచి చెల్లెలి స్థానంలో తమ్ముడు రావడం దాకా చాలా మారాయి. అభిమానులు వాటి గురించి తగువులాడుకుంటుండగానే, 2011లో స్మిత్‌ను నవలల పని నుంచి తప్పించి వేరొకరి చేత కొనసాగింపులు రాయించారు. ముఖచిత్రం మీద ఆమె పేరు మాత్రం ఉంచారు. అనుమతి పొందిన అభిమాన రచనలను అమ్ముకోవడానికి అమెజాన్ 2013లో కిండిల్ వరల్డ్స్ తెరిచింది. మరుసటి ఏడాది అందులో ‘వాంపైర్ డైరీస్’ కొత్త కథలు కనిపించాయి. రాసినవారు ఎల్.జె. స్మిత్. తాను సృష్టించిన పాత్రల గురించి, మిగతా అభిమానుల్లాగే, అభిమాన రచయితగా. 2018లో అమెజాన్ ఆ విభాగాన్నే మూసేసింది.