గుర్రం మీద వెళ్ళి ఫిరంగిని ఎట్లా గెలిచారంటే

చిన్నోడికీ, పాపకీ తాత ఆశీస్సులు.

మొన్న బెంగళూరులో జె.సి. నగర్ మీదుగా వస్తుంటే ఆ చిన్న పార్కులో రాతి స్తంభం చూసి అదేంటని అడిగారు. మైసూర్ లాన్సర్లని ఒక గుర్రపు దళం ఉండేది, యుద్ధంలో చనిపోయిన వాళ్ళ సైనికుల కోసం కట్టారు అని చెప్పాను. రాత్రి పాప ఫోన్ చేసి, "బల్లెం పట్టుకుని గుర్రం మీద వెళ్ళినవాళ్ళు మెషిన్ గన్ల వాళ్ళని ఎట్లా గెలుస్తారు తాతా, అది కథే కదా?" అంది. కథ కాదమ్మా, 1918 సెప్టెంబర్ 23న నిజంగా జరిగింది. ఫోన్లో తేలే సంగతి కాదని ఉత్తరం రాస్తున్నాను.

హైఫా అని సముద్రం ఒడ్డున ఒక ఊరు. ఇప్పుడు ఇజ్రాయెల్‌లో ఉంది, అప్పుడు తుర్కుల చేతిలో ఉండేది. మొదటి ప్రపంచ యుద్ధం చివరి దశ. బ్రిటిష్ వాళ్ళ తరఫున మైసూరు, హైదరాబాద్, జోధ్‌పూర్ సంస్థానాల గుర్రపు దళాలు ఒకే బ్రిగేడ్‌గా, ఐదో కావల్రీ (అంటే గుర్రపు సైన్యం) డివిజన్‌లో చేరి ఆ ప్రాంతంలో పోరాడాయి. హైఫా మీద దాడి చేసింది మాత్రం మైసూరు, జోధ్‌పూర్ వాళ్ళే. మైసూరు దళాన్ని పంపింది మహారాజు నాల్వడి కృష్ణరాజ ఒడెయరు.

మ్యాపులు తర్వాత చూద్దురుగాని, ముందు మా ఊరి జొన్నచేను సంగతి వినండి. హిందూపురం పక్కన మా ఊళ్ళో ఒక చేను ఉండేది, దానికి ఒకపక్క గుట్ట, ఇంకోపక్క వంక, రెంటి మధ్యా ఒక బండి మాత్రమే పట్టే దారి, ఆ దారి చివర పాలు పట్టిన కంకులు. గుట్ట వాలులో మంచె వేసుకుని ఒక పెద్దాయన వడిసెల పట్టుకుని కూర్చునేవాడు. పిట్టల్ని తోలడానికని పేరు, కానీ ఆయన చూపంతా మా మీదే. కంకులు నిప్పుల మీద కాల్చి, వేడివేడిగా అరచేతుల్లో నలిపి, పొట్టు ఊదుకుని తింటుంటే ఆ వాసనకి ఇంట్లో అన్నం కూడా గుర్తొచ్చేది కాదు. దారిన పోతే రాయి వచ్చి వీపున తగిలేది. వంకలో దిగుదామంటే ఊబి ఇసుక. గుట్ట వెనక నుంచి ఎక్కుదామంటే ముళ్ళూ బండలూ, మాకేమో కాళ్ళకు చెప్పుల్లేవు. అందుకని ఇద్దరు ముందుగానే గుట్ట చుట్టూ తిరిగి మంచె వెనకకు చేరేవాళ్ళు, ఆయన అటు తిరిగాడో లేదో మిగతావాళ్ళం దారెంట ఒకటే పరుగు. మధ్యలో భయపడి ఆగినవాడికే దెబ్బ తగిలేది, ఆగకుండా ఉరికినవాడికి తగిలేది కాదు.

హైఫా కూడా సరిగ్గా ఆ చేనే అనుకోండి. గుట్ట పేరు కార్మెల్, వంక పేరు కిషోన్. మంచె మీద వడిసెల బదులు కొండ మీద ఫిరంగులూ మెషిన్ గన్లూ. మైసూరు వాళ్ళలో కొందరు ముందే కొండ ఎక్కడం మొదలుపెట్టారు. మేకలు నడిచే దారి అది, గుర్రాల కాళ్ళు కుంటుపడ్డాయి, పైదాకా చేరి దాడి చేయగలిగింది కొద్దిమందే. కింద జోధ్‌పూర్ వాళ్ళు నది వైపు పోబోతే ముందు వెళ్ళిన ఇద్దరు ఊబిలో దిగబడిపోయారు. దాంతో ఎడమకు తిరిగి, కొండ వాలునే, కాల్పులకు ఎదురుగా దౌడు తీశారు. మధ్యాహ్నం 2 గంటలప్పుడు పైన మైసూరు వాళ్ళు ఫిరంగుల మీద పడ్డారు, కింద మిగతా మైసూరు సవార్లు తుపాకులతో కాపుకాసి జోధ్‌పూర్ వాళ్ళ వెనకే ఊళ్ళోకి దూసుకెళ్ళారు. సాయంత్రానికల్లా ఊరు చేతికొచ్చింది. 1,350 మంది దాకా పట్టుబడ్డారు, 17 ఫిరంగులు దొరికాయి.

మా చేన్లో అయితే వీపు మీద ఒక వాపు, అంతే. అక్కడ ఆ రోజు 8 మంది చనిపోయారు, 34 మంది గాయపడ్డారు. జోధ్‌పూర్ మేజర్ దళపత్ సింగ్ ఆ దాడిలోనే పోయాడు. 60 గుర్రాలు చచ్చిపోయాయి. గుర్రాల లెక్క ఎందుకు చెప్తున్నానంటే, హిందూపురం స్టేషన్ దగ్గర ఒక జట్కా ఆయన నా చేత గుర్రానికి ఉలవలు పెట్టించేవాడు, అరచేతిలో దాని పెదవులు మెత్తగా తగిలేవి. పక్కన సైకిల్ ట్యూబు పేలితే చాలు, అది బెదిరి రెండు కాళ్ళ మీద లేచేది. అట్లాంటి ప్రాణి ఫిరంగి మోతలోకి, తూటాల్లోకి ఎదురుగా పరిగెత్తిందంటే, తన మీద కూర్చున్న మనిషిని ఎంత నమ్మి ఉండాలి! ఆ మనిషి దాన్ని ఎన్నేళ్ళు రోజూ తోమి, నీళ్ళు పెట్టి, మాట్లాడి ఉండాలి! తలుచుకుంటే నాకు ఇప్పటికీ ఒళ్ళు గగుర్పొడుస్తుంది.

ఒక మాట మాత్రం గుర్తుంచుకోండి. ఆ యుద్ధం మనది కాదు. మనల్ని ఏలుతున్నవాళ్ళది. యుద్ధం గొప్పదని మీకు ఎవరైనా చెప్తే నమ్మొద్దు. కానీ పక్కవాడిని వదిలేయకుండా ముందుకు పోయిన ఆ మనుషులు గొప్పవాళ్ళు, ఈ రెండూ ఒకేసారి నిజం కావచ్చు.

ఢిల్లీలో తీన్ మూర్తి దగ్గర నిలబడ్డ మూడు విగ్రహాలు ఆ మూడు సంస్థానాల సైనికులవే. మన హైదరాబాద్ వాడూ అందులో ఉన్నాడు. మైసూర్ లాన్సర్లు ఆ తర్వాత, 1953లో, మిగతా సంస్థానాల గుర్రపు దళాలతో కలిసి భారత సైన్యంలో 61వ కావల్రీ అనే గుర్రపు దళం అయ్యారు. జనవరి 26న టీవీలో పరేడ్ చూస్తారు కదా, గుర్రాల మీద తలపాగాలతో వచ్చేది వాళ్ళే, ఈసారి వంటింట్లోకి పరిగెత్తకుండా కూర్చుని చూడండి.

ఆదివారం పొద్దున్నే ఎండ ఎక్కకముందు మీ నాన్నని తీసుకుని ఆ స్తంభం దగ్గరికి వెళ్ళండి. సెల్ఫీలు తర్వాత. ముందు దాని మీద చెక్కిన పేర్లు ఒక్కొక్కటీ పైకి చదవండి, పెన్సిలు పట్టుకెళ్ళి నోటుబుక్కులో రాసుకోండి, ఎవరు ఏ మతం వాళ్ళో, ఏ ర్యాంకు వాళ్ళో గమనించండి. అక్షరాలు అరిగిపోయిన చోట వేలితో తడిమితే తెలుస్తుంది. చిన్నోడు స్తంభం ఎక్కకుండా పాప చూసుకోవాలి. అక్కడ ట్రాఫిక్ ఎక్కువ, రోడ్డు దాటేటప్పుడు నాన్న చెయ్యి వదలొద్దు. ఆ నోటుబుక్కు దసరా సెలవులకి వచ్చేటప్పుడు తెచ్చి నాకు చూపించండి.

మీ
తాత