స్కాటిష్ కంట్రీ డాన్స్: గుమ్మం దగ్గరే ఆపేసే అపోహలు, లోపలికి వస్తే కనిపించే వాస్తవాలు

నేను వారంలో రెండు సాయంత్రాలు స్కాటిష్ కంట్రీ డాన్స్ చేస్తాననీ, అందులో ఒక సాయంత్రం కొత్తగా చేరినవారికి నేర్పుతాననీ తెలిసినప్పుడు, ఇక్కడ ఎడిన్‌బరాలో కలిసే తెలుగువారు అడిగే ప్రశ్నలు ఇంచుమించు ఒకే తీరుగా ఉంటాయి. కొందరికి ఆసక్తి ఉంటుంది కానీ అడుగు ముందుకు పడదు. ఆ సంకోచాల్లో చాలావాటికి మూలం ఒక్కటే: దీన్ని వేదిక మీద ప్రదర్శించే కళగా ఊహించుకోవడం. ఇది చూసేవారి కోసం పుట్టిన నృత్యం కాదు, హాలులో ఉన్నవారంతా కలిసి ఆడడానికి పుట్టిన నృత్యం. ఈ ఒక్క తేడా మనసుకు పడితే మిగిలిన అపోహలు చాలావరకు వాటంతట అవే సడలిపోతాయి.

అపోహ: నేల మీద పెట్టిన కత్తుల మధ్య ఒంటరిగా గెంతే నృత్యం ఇదే.

అది హైలాండ్ డాన్స్. హైలాండ్ గేమ్స్‌లో పోటీల కోసం చిన్ననాటి నుంచే కఠోరంగా సాధన చేసే ఏకవ్యక్తి నృత్యం. పెళ్లిళ్లలో, పండుగ రాత్రుల్లో ఒకరు అడుగులు చెబుతూ ఉంటే అందరూ సరదాగా ఆడేది కేలీ. కంట్రీ డాన్స్ ఈ రెండింటికీ దగ్గరి చుట్టమే అయినా వేరైనది. ఇందులో సాధారణంగా నాలుగు జంటలు రెండు వరుసలుగా ఎదురెదురుగా నిలబడతాయి. ఆ ఎనిమిది మందినీ కలిపి సెట్ అంటారు. వాద్యబృందం ఉన్న వైపు హాలుకు పైభాగం. పురుషుల వరుస ఎడమ భుజం, స్త్రీల వరుస కుడి భుజం అటువైపు ఉంటాయి. మొదటి జంట విన్యాసాన్ని నడిపిస్తూ ఒక్కో మెట్టు కిందికి దిగుతుంది, రెండు సార్లు ఆడాక చివరికి చేరుతుంది, అప్పుడు రెండో జంట వంతు వస్తుంది. ఇలా నాలుగు జంటలకూ రెండేసి వంతులు, మొత్తం ఎనిమిది ఆవృత్తులు. కార్యక్రమపత్రంలో ‘ఆర్ 8×32’ అని కనిపిస్తే అది ముప్పై రెండు బార్ల రీల్‌ను ఎనిమిది సార్లు ఆడాలని అర్థం. బార్ అంటే సంగీతంలో ఒక తాళపు కొలత. వేగమైన నడకలైన రీల్ గానీ జిగ్ గానీ అయితే ఇదంతా సుమారు నాలుగున్నర నిమిషాల్లో పూర్తవుతుంది. నెమ్మదైన స్ట్రాత్‌స్పే అయితే ఎనిమిది నిమిషాలు దాటుతుంది.

అపోహ: జంటగా వెళ్లాలి, తోడు లేనివారికి చోటు ఉండదు. పైగా పరాయివారి చేయి పట్టుకుని ఆడడం మనకు ఇబ్బంది.

మనవారిని అన్నిటికంటే ఎక్కువగా ఆపేది ఇదే కాబట్టి కాస్త వివరంగా చెబుతాను. నేను మొదటిసారి వెళ్లింది ఒంటరిగానే. ఈ దేశానికి వచ్చి నాలుగు నెలలైంది, ఆఫీసులో తప్ప ఎవరితోనూ పూర్తి వాక్యం మాట్లాడని రోజులవి. చర్చి హాలు తలుపు తీసి గోడవారగా నిలబడ్డాను. రెండు నిమిషాలలోపే ఒక పెద్దావిడ వచ్చి, తమ సెట్‌లో ఒకరు తక్కువయ్యారనీ, రమ్మనీ పిలిచింది. అది మర్యాదకు అన్న మాట కాదని తరవాత అర్థమైంది. ఏడుగురితో సెట్ నడవదు. ఎనిమిదో మనిషి నిజంగానే కావాలి. వచ్చిన మనిషి అక్కరకు వచ్చే మనిషి కావడం ఈ నృత్యం కట్టుబడిలోనే ఉంది. పరాయి ఊళ్లో స్నేహాలు కుదరడానికి ఇంతకంటే అనువైన ఏర్పాటు నాకు తెలియదు.

ఒక్కో నృత్యానికి ఒక్కో భాగస్వామి ఉంటారు. భార్యాభర్తలుగా వచ్చినవారు కూడా సాయంత్రమంతా ఒకరితో ఒకరే ఆడరు, అలా చేస్తే కొత్తవారికి తోడు దొరకదు. ఎవరు ఎవరినైనా అడగవచ్చు. నృత్యం ముగిశాక భాగస్వామికి కృతజ్ఞత చెప్పి మరొకరి దగ్గరికి వెళ్లడం ఆనవాయితీ. ఇక స్పర్శ విషయానికి వస్తే, ఇందులో ఎక్కువ భాగం కరచాలనం చేసినట్టు చేయి అందించి తిరగడమే. చేతులు భుజాల ఎత్తున ఉంటాయి, మనుషుల మధ్య చాచిన చేతులంత దూరం ఉంటుంది, పట్టు కొన్ని బార్లకే వదిలిపోతుంది. తరగతుల్లో స్త్రీలు ఎక్కువగా ఉండడం మామూలే గనుక ఇద్దరు స్త్రీలు జంట కట్టి, ఒకరు పురుషుల వరుసలో నిలబడడం ప్రతి సాయంత్రం జరిగేదే. అలా రెండు వైపులా ఆడినవారికి నృత్యం ఇంకా బాగా అర్థమవుతుంది కూడా. నాకు తెలిసిన తరగతుల్లో విరామంలో ఇచ్చేది టీ, బిస్కట్లే కాబట్టి ఆ విషయంలో ఇంట్లో పెద్దలకు సంజాయిషీ చెప్పుకోవలసిన అవసరమూ రాదు.

అపోహ: ఇది వేల ఏళ్లనాటి జానపదం, ఇక్కడి రక్తం ఉన్నవారికే అబ్బుతుంది.

చరిత్ర ఇందుకు పూర్తిగా భిన్నంగా ఉంది. లండన్‌లో జాన్ ప్లేఫర్డ్ కంట్రీ డాన్సుల సంకలనాన్ని అచ్చువేసింది 1651లో. అవి ఇంగ్లండ్ నృత్యాలు. ఆ పద్ధతి పద్దెనిమిదో శతాబ్దంలో స్కాట్లండ్ నగరాల్లోని సభామందిరాలకు చేరి, ఇక్కడ అప్పటికే ఉన్న రీళ్లతో, అడుగులతో, ఫిడేలు సంగీతంతో కలిసి కొత్త రూపం తెచ్చుకుంది. అంటే పల్లె పొలాల్లో ఎంత ఆడారో నగరంలోని మంచి మంచి హాళ్లలోనూ అంతగా ఆడారన్నమాట. ఎడిన్‌బరా జార్జ్ స్ట్రీట్‌లో 1787లో తెరిచిన అసెంబ్లీ రూమ్స్ భవనం ఇప్పటికీ ఉంది. మొదటి ప్రపంచయుద్ధం తరవాత ఈ నృత్యాలు మరుగున పడిపోతున్నాయని గమనించిన ఇద్దరు స్త్రీలు, ఇసబెల్ స్టువర్ట్, జీన్ మిలిగన్, 1923లో గ్లాస్గోలో ఒక సంఘం స్థాపించారు. మరుసటి ఏడాది పన్నెండు నృత్యాలతో మొదటి పుస్తకం వెలువడింది. 1951లో ఆ సంఘానికి ‘రాయల్’ హోదా లభించింది. నేడు మనం నేర్చుకునే అడుగుల స్పష్టత, చేతుల అమరిక, ఒకే రకమైన బోధన చాలావరకు ఆ సంఘం కృషి ఫలితమే. జీన్ మిలిగన్ ఉపాధ్యాయ శిక్షణ కళాశాలలో వ్యాయామ విద్య బోధించినవారు. ఆ క్రమశిక్షణ ఇప్పటికీ తరగతుల్లో కనిపిస్తుంది.

ఈ సంప్రదాయం అక్కడితో గడ్డకట్టుకుపోనూ లేదు. ‘రీల్ ఆఫ్ ది ఫిఫ్టీఫస్ట్ డివిజన్’ అనే నృత్యాన్ని కూర్చినవారు యుద్ధఖైదీలు. 1940 జూన్‌లో ఫ్రాన్స్‌లోని సాఁ వలరీ దగ్గర జర్మన్ సైన్యానికి చిక్కిన 51వ హైలాండ్ డివిజన్ అధికారులు, బవేరియాలోని లాఫెన్ శిబిరంలో కాలం గడుపుతూ దాన్ని రూపొందించారు. ఆ ఆలోచన లెఫ్టినెంట్ జిమ్మీ అట్కిన్సన్‌ది. అందులో నడిమి జంట, మూలల్లోని వారు చేతులు కలిపి వాలు గీతలుగా నిలిచే ఘట్టం ఉంది. స్కాట్లండ్ జెండా మీది సెయింట్ ఆండ్రూ శిలువను వారు ఆ ఆకృతిలో దాచుకున్నారు. ఇంటికి దూరంగా ముళ్లకంచెల మధ్య ఉన్నవారు తమ దేశాన్ని గుర్తు చేసుకోవడానికి చేసిన పని అది. ఆ ఘట్టం నేర్పే ప్రతిసారీ ఈ సంగతి చెప్పి తీరతాను, చెప్పాక తరగతిలో ఆ గీతలు ఎప్పుడూ మరింత నిటారుగా వస్తాయి. నేటికీ న్యూజీలండ్‌లో, కెనడాలో, జపాన్‌లో కొత్త నృత్యాలు కూరుస్తూనే ఉన్నారు. సంఘం శాఖలు లండన్, టొరాంటో, బోస్టన్, శాన్‌ఫ్రాన్సిస్కో, సిడ్నీ, మెల్‌బోర్న్, టోక్యో నగరాల్లో ఉన్నాయి. ఈ పట్టిక చూసిన తెలుగువారికి తమ బంధువులు ఉన్న ఊళ్లు ఎన్నో కనిపిస్తాయి.

అపోహ: శాస్త్రీయ నృత్యం నేర్చుకున్నవారికి ఇది చిటికెలో వస్తుంది, నేర్చుకోనివారికి ఎప్పటికీ రాదు.

రెండు సగాలూ పొరపాటే. కూచిపూడి నేర్చిన అమ్మాయిలు నా తరగతికి వచ్చారు. తాళజ్ఞానం వారికి గొప్ప బలం. జిగ్‌లో ఒక్కో దెబ్బ మూడుగా విడివడుతుంది కాబట్టి అది తిశ్ర నడక అనీ, రీల్ చతురశ్రమనీ చెబితే తక్షణం పట్టుకుంటారు. ఎనిమిది బార్లకొక విన్యాసం ముగియడం కూడా వారికి సహజంగానే తోస్తుంది. పాదం మాత్రం ఎదురు తిరుగుతుంది. అక్కడ మోకాళ్లు వంచి అరమండిలో నిలిచి పూర్తి పాదంతో నేలను తట్టాలి. ఇక్కడ మోకాళ్లు నిటారుగా ఉంచి, మడమ నేలకు ఆనకుండా మునివేళ్ల వెనుక భాగం మీద మెత్తగా దిగాలి, చప్పుడు రాకూడదు. ఏళ్ల తరబడి అలవడినదాన్ని పక్కన పెట్టడానికి వారికి కొన్ని వారాలు పడుతుంది. అంతకంటే కష్టమైనది చూపు. ఇక్కడ కళ్లు పలికించవలసింది భావాన్ని కాదు, ఎదుటివారు ఎక్కడ ఉన్నారో గమనిస్తూ వారికి చేయి అందించాలి.

నిజానికి కోలాటం ఆడినవారే ఈ విషయంలో ముందుంటారని నా అనుభవం. జడకోలాటంలో లోపలికి ఒకసారి, బయటికి ఒకసారి దూరుతూ తాళ్లను అల్లే బాట తెలిసినవారికి, ముగ్గురు కలిసి ఎనిమిది అంకె ఆకారంలో ఒకరి వెనుక ఒకరు అల్లుకుపోయే రీల్ ఆఫ్ త్రీ చూడగానే పరిచయమైనదిగా అనిపిస్తుంది. అక్కడ ఒకరు గతి తప్పితే జడ చిక్కుపడుతుంది, ఇక్కడ సెట్ చిక్కుపడుతుంది. ఇవేవీ రానివారికీ వచ్చిన నష్టం లేదు. గెంతు, అడుగు, చేర్పు, అడుగు అనే స్కిప్ చేంజ్, నిలిచిన చోటే ఆడే పా ద బాస్క్, పక్కకు జారే స్లిప్ స్టెప్, స్ట్రాత్‌స్పేకు నెమ్మది అడుగులు రెండు, మొత్తం ఈ అయిదే ప్రాథమికమైన అడుగులు. నడవగలిగి, సంగీతంలో వరుస ముగియడాన్ని వినగలిగిన ఎవరైనా మొదటి సాయంత్రమే ఒక నృత్యాన్ని పూర్తి చేయగలరు.

అపోహ: వందల నృత్యాలు కంఠస్థం చేయాలి.

ఇప్పటివరకు నమోదైన నృత్యాలు పదివేలు దాటాయి. వాటన్నిటినీ గుర్తుంచుకున్నవారు ఎవరూ లేరు. మనం నేర్చుకునేది విన్యాసాలను. చేతులు మారుస్తూ చతురస్రం చుట్టే రైట్స్ అండ్ లెఫ్ట్స్, వరుస వెనుక నుంచి కిందికి దిగే కాస్ట్ ఆఫ్, ఆరుగురు వలయంగా ఎడమకు వెళ్లి తిరిగి రావడం, జంటలు చోట్లు మార్చుకునే పూసెట్, అలెమాండ్ వంటివి ఒక పాతిక వస్తే కొత్తవారి కార్యక్రమంలో చాలావాటిని ఆడవచ్చు. ఒక నృత్యమంటే వాటిలో నాలుగైదింటి వరుస. అక్షరాలు వచ్చాక మాటలు చదవడం వంటిదే ఇది. ప్రతి నృత్యానికీ విన్యాసాల వరుసను గుర్తు చేసే నాలుగైదు పంక్తుల క్రిబ్ ఉంటుంది. తరగతిలో అయితే సంగీతానికి ముందు ఒకసారి నడిచి చూపిస్తారు. పొడుపుకథలంటే ఇష్టమున్నవారికి ఇందులో ప్రత్యేకమైన ఆనందం ఉంది. రెండో ప్రపంచయుద్ధకాలంలో బ్లెచ్‌లీ పార్క్‌లో శత్రువుల సంకేతలిపిని ఛేదించిన హ్యూ ఫాస్ ఈ నృత్యాలకు గొప్ప అభిమాని, స్వయంగా నృత్యాలు కూర్చినవారు. ఆయనకు ఇది ఎందుకు నచ్చిందో ఒక కష్టమైన స్ట్రాత్‌స్పే ఆడి చూస్తే తెలుస్తుంది.

తప్పు చేస్తే ఏమవుతుందన్న భయం దీనికి తోడుగా ఉంటుంది. తప్పు అందరూ చేస్తారు. దారి తప్పినవారు గతాన్ని సరిదిద్దడానికి ప్రయత్నించకుండా, ఎనిమిది బార్ల వరుస ముగిసేసరికి తాము ఉండవలసిన చోటికి చేరుకుంటే చాలు, నృత్యం మళ్లీ అతుక్కుంటుంది. సహాయం చేసేవారు చేయి చాచి, చూపుతో దారి చూపాలి. పట్టుకుని లాగడం, వెనుక నుంచి తోయడం, పేరు పెట్టి అరవడం చేయరాదు. అనుభవజ్ఞులే ఈ నియమాన్ని ఎక్కువగా మరచిపోతారు. ఆ విషయంలో నేను నిర్మొహమాటంగానే చెబుతాను.

అపోహ: బ్యాగ్‌పైపుల హోరు భరించాలి; కిల్ట్ అనే స్కాటిష్ మడతల పావడా కొనాలి.

బాల్ అనే పెద్ద సభలో అందరూ వరుసగా హాలులోకి ప్రవేశించేటప్పుడు పైపర్ ముందు నడవడం ఉంది. నృత్యాలకు వాయించేది మాత్రం ఎక్కువగా అకార్డియన్, ఫిడేలు, పియానో, డ్రమ్. బ్యాగ్‌పైపులో తొమ్మిది స్వరాలే ఉంటాయి కాబట్టి ఫిడేలు కోసం పుట్టిన బాణీలు చాలా దానికి అందవు. నీల్ గౌ, విలియం మార్షల్ వంటి పద్దెనిమిదో శతాబ్దపు ఫిడేలు విద్వాంసుల స్ట్రాత్‌స్పేలను ఇప్పటికీ ఆడుతున్నాం. స్పే నది లోయ పేరు పెట్టుకున్న ఆ నడక స్కాట్లండ్‌కే ప్రత్యేకం. దుస్తుల సంగతికి వస్తే, తరగతికి కిల్ట్ అవసరం లేదు. చుడీదార్ చక్కగా సరిపోతుంది, చున్నీ మాత్రం తీసి పెట్టాలి, చేతులు మార్చుకునేటప్పుడు చిక్కుకుంటుంది. రబ్బరు అడుగున్న బూట్లు నేలను పట్టేస్తాయి కాబట్టి తిరిగేటప్పుడు మోకాలికి హాని. మొదట ఏవైనా మెత్తని, మడమ లేని బూట్లు చాలు. రెండు మూడు నెలలు వచ్చి, ఇది మీకు కావాలనిపించాకే గిల్లీస్ అనే తోలు బూట్లు కొనండి.

అపోహ: ఇది వయసు మళ్లినవారి కాలక్షేపం, శరీరానికి శ్రమ ఉండదు.

తరగతుల్లో తెల్లజుట్టు ఎక్కువగానే కనిపిస్తుంది, నిజమే. డెబ్బై ఏళ్ల వారితో వరుసగా మూడు రీళ్లు ఆడాక ఊపిరి అందనిది మాత్రం మొదటి నెలలో ఉన్న ముప్పై ఏళ్లవారికే. మునివేళ్ల మీద దిగే నృత్యం కాబట్టి భారమంతా పిక్కల మీద, మడమ వెనుక స్నాయువు మీద పడుతుంది. నా మొదటి చలికాలంలో ఆఫీసు నుంచి ఆలస్యంగా పరుగెత్తుకొచ్చి, శరీరం వేడెక్కకుండానే జిగ్ మొదలుపెట్టి, పిక్క కండరం పట్టేసి ఆరు వారాలు కూర్చున్నాను. అందుకే మొదటి పది నిమిషాల సన్నాహాన్ని ఎవరికీ మినహాయించను. మోకాళ్ల బాధ ఉన్నవారు గెంతు మానేసి అదే బాటను నడకతో పూర్తి చేయవచ్చు. సమయానికి చోటు చేరినంతకాలం సెట్‌కు లోటు రాదు. గుండెజబ్బు, కీళ్ల శస్త్రచికిత్స వంటివి ఉంటే ముందుగా వైద్యుణ్ణి అడిగి, వచ్చాక నేర్పేవారికి చెప్పాలి.

ఇక్కడ తరగతులు సెప్టెంబరులో మొదలవుతాయి. కొత్తగా చేరేవారికి అదే సరైన సమయం, ఎందుకంటే అందరికీ అడుగులు మొదటినుంచి చెబుతారు. నీళ్ల సీసా తెచ్చుకోండి, పది నిమిషాలు ముందుగా రండి. సెట్‌లో చోటు ఎంచుకోమన్నప్పుడు పైన మొదటి జంటగా నిలబడకండి, మూడో జంటగా నిలబడండి. మీ వంతు వచ్చేసరికి పై రెండు జంటలు ఆ నృత్యాన్ని నాలుగు సార్లు ఆడి ఉంటాయి, వాటిలో ఎక్కువసార్లు వారికి చేయి అందిస్తూ మీరూ అందులో భాగమై ఉంటారు.