టామ్ మొగానికి ఆ మసి ఎక్కడిది?

మే నెల, తిరుపతి గంగమ్మ జాతర. మా అక్క కొడుకు, ఆరేళ్లవాడు, ఒళ్లంతా బొగ్గుపొడి పూసుకుని, వేపమండలు పట్టుకుని తాతయ్యగుంట గుడి దాకా పోయొచ్చాడు. జాతరలో కట్టే తోటి వేషం అది. సాయంత్రం తలకు పోసి కూర్చోబెడితే ఫోన్‌లో పాత టామ్ అండ్ జెర్రీ పెట్టుకున్నాడు. బాంబు పేలింది. టామ్ మొగం నల్లగా మాడింది, పెదాలు దబ్బల్లా ఉబ్బాయి, నెత్తిన చిన్న చిన్న పిలకలు లేచాయి. "టామ్ కూడా తోటి వేషం ఏసినాడు మామా!" అని వాడు ఎగిరి గంతేశాడు.

మసి మసే గానీ, ఈ రెండూ ఒకటి కాదు. దాక్కున్న దుర్మార్గుడు పాలెగాణ్ని వెతుకుతూ గంగమ్మే రోజుకో వేషం కట్టిందని మన కథ. మొక్కున్నవాళ్లు తల్లి కట్టిన వేషమే కడతారు. (తోటి అంటే ఊరి ఊడిగం చేసేవాడు, ఆ మాట వెనక కులం ఉంది. దాని సంగతి కూడా ఎప్పుడో ఒకప్పుడు మాట్లాడుకోవాల్సిందే.) టామ్ మొగం మీది మసి అమెరికా నాటకశాలల్లోంచి వచ్చింది. 1830ల నుంచి అక్కడ తెల్ల నటులు కాల్చిన బెండు మసి పూసుకుని, పెదాలు పెద్దవిగా దిద్దుకుని, నల్లవాళ్ల మాటనూ నడకనూ వెక్కిరిస్తూ ఆడిపాడేవాళ్లు. టామస్ రైస్ అనే నటుడు కట్టిన అలాంటి వేషం పేరు జిమ్ క్రో. నల్లవాళ్లను బడుల్లో, బండ్లలో వేరుగా కూర్చోబెట్టిన చట్టాలకు తర్వాత ఆ పేరే నిలిచిపోయింది. కార్టూన్ల కాలం వచ్చేసరికి ఆ మొగం కనబడితే చాలు, జనం నవ్వేసేవాళ్లు. బొమ్మ గీసేవాడికి అంతకంటే సులువేముంది?

అదే కార్టూన్‌లో మేనల్లుడికి ఇంకో అనుమానం వచ్చింది. "ఆ అవ్వకు మొగం లేదా మామా?"

చీపురు పట్టుకుని టామ్‌ను తరిమే ఆమె కాళ్లు, చెప్పులు, గౌను అంచు తప్ప మనకేమీ కనబడవు. కేబుల్ రోజుల్లో మేమైతే ఆమే ఆ ఇంటి యజమానురాలు అనుకునేవాళ్లం. ఆమెను మ్యామీ టూ షూస్ అంటారు. మ్యామీ అంటే తెల్లవాళ్ల ఇంట్లో ఊడిగం చేసే నల్ల ఆయా. 1940లో వచ్చిన మొదటి భాగంలోనే ఉంది. 1950 నాటి ఒక భాగంలో వీధిలో పరుగెత్తేటప్పుడు రెప్పపాటు మొగం కనిపిస్తుంది, అంతే.

ఆమెను ఏం చేశారన్నదే అసలు చరిత్ర. 1960ల్లో టీవీ కోసం, అప్పట్లో టామ్ అండ్ జెర్రీ తీస్తున్న చక్ జోన్స్ బృందం కొన్ని భాగాల్లో నల్ల కాళ్లు తీసేసి తెల్ల కాళ్లు గీసింది, గొంతూ మార్చింది. వెక్కిరింపు పోయింది, దాంతోపాటు ఆ ఇంట్లో ఒళ్లు వంచి పనిచేసిన మనిషీ పోయింది. 1990ల్లో బొమ్మను ఉంచి, యాస తగ్గించి, థియా విడేల్ అనే నల్లజాతి నటితో మళ్లీ మాటలు చెప్పించారు. 2014లో ఆన్‌లైన్ దుకాణాలు ఇందులో జాతి వివక్ష ఉందని ముందే హెచ్చరిక పెట్టాయి. ఇంకో దారి బీరువాలో పెట్టి తాళం వేయడం. నల్లవాళ్లను వెక్కిరించే వార్నర్ బ్రదర్స్ స్టూడియో కార్టూన్లు 11 ఉంటే, వాటిని 1968లో టీవీకి ఇవ్వకుండా ఆపేశారు. డిస్నీ 2020లో డంబో, పీటర్ పాన్‌లాంటి వాటికి ముందు 12 సెకన్ల ప్రకటన చేర్చింది. ఈ చిత్రణ అప్పుడూ తప్పే, ఇప్పుడూ తప్పే అని, 2025లో మార్చేదాకా, దాని సారం. నాకు ఇదే నచ్చింది. కాకపోతే ఆరేళ్లవాడు అలాంటి ప్రకటన చదువుతాడా? పక్కన ఎవరో ఒకరు కూర్చోవాలి.

ఈ వెక్కిరింపు మనవాళ్లదాకా వచ్చింది కూడా. ద సింప్సన్స్ అనే అమెరికా కార్టూన్‌లో కొట్టు నడిపే భారతీయుడు అపూకు దశాబ్దాలుగా తెల్ల నటుడు హ్యాంక్ అజారియా గొంతు ఇచ్చాడు. మన తెలుగు మూలాలున్న హరి కొండబోలు 2017లో దాన్ని నిలదీస్తూ డాక్యుమెంటరీ తీశాడు. 2020లో అజారియా తప్పుకున్నాడు.

మరి మన సంగతి? 2008లో మొదలైన, హైదరాబాద్ సంస్థ తీసిన ఛోటా భీమ్‌లో హీరోతో జగడమాడే పిల్లవాడి పేరు కాలియా. హిందీలో నల్లోడు అని. ఏడుకొండల మీద నల్లనయ్యకు దండం పెట్టి దిగొచ్చి, మా వీధిలో పిల్లల్ని "ఒరే కర్రోడా" అని పిలిచేవాళ్లం మేమే.

ఆ రాత్రి లిలియన్ రాండాల్ఫ్ ఫొటో వెతికి వాడికి చూపించాను. ఆ చీపురు అవ్వకు మొదట గొంతు ఇచ్చిన నటి.

"మొగం బాగుందే! మరి ఎందుకు గీయలేదంట?"

పది నిమిషాలు చెప్పాను. సగంలో నిద్రపోయాడు. చెవి వెనక బొగ్గు ఇంకా పోలేదు.