మధుమేహంలో మందూ, ముద్దా: అపోహలు - వాస్తవాలు

అపోహ: మాత్ర వేసుకుంటున్నాం కనుక ఏం తిన్నా ఫర్వాలేదు.

వాస్తవం: మధుమేహానికి సాధారణంగా ఇచ్చే మెట్‌ఫార్మిన్ మాత్ర ప్రధానంగా కాలేయం విడుదల చేసే గ్లూకోజును తగ్గిస్తుంది, పళ్లెం నిండా తిన్న అన్నంతో రెండు గంటల్లో పెరిగే చక్కెరను అదొక్కటే అదుపు చేయలేదు. పరగడుపు పరీక్ష బాగానే ఉన్నా, గత రెండు మూడు నెలల సగటును చూపే హెచ్‌బీఏ1సీ ఎక్కువగా వస్తుంటే, మొదట చూడవలసింది భోజనం తర్వాతి చక్కెరనే.

అపోహ: అన్నం మాని చపాతీలు, రాగిజావ తీసుకుంటే చాలు.

వాస్తవం: 100 గ్రాముల బియ్యంలో సుమారు 78 గ్రాముల పిండిపదార్థం ఉంటే, గోధుమపిండిలోనూ రాగుల్లోనూ 65 నుంచి 70 గ్రాముల దాకా ఉంటుంది. పైగా మెత్తగా విసిరిన పిండిని జావగా కాస్తే అది త్వరగా జీర్ణమై, చక్కెరను అంతే త్వరగా పెంచుతుంది. నా దృష్టిలో చపాతీతో ఉన్న అసలు సౌకర్యం లెక్కపెట్టి తినగలగడమే. అన్నం ఎంత తిన్నామో ఎవరూ లెక్కపెట్టరు. పళ్లెంలో సగం బీర, సొర, ఆకుకూరల వంటివి, పావు వంతు పప్పు, గుడ్డు లేదా చేప ఉంటే, మిగిలిన పావు వంతులో అన్నానికీ చోటుంటుంది.

అపోహ: పంచదార బదులు బెల్లం వాడవచ్చు.

వాస్తవం: బెల్లంలోనూ అధికభాగం సుక్రోజే, అంటే పంచదారలో ఉండే చక్కెరే.

అపోహ: ఉపవాసం రోజున కూడా మాత్ర యథాప్రకారం వేసుకోవాలి.

వాస్తవం: ఇది అన్నిటికన్నా ప్రమాదకరమైన అపోహ. గ్లిమెపిరైడ్, గ్లిబెన్‌క్లమైడ్ వంటి మందులు, మనం తిన్నా తినకపోయినా, క్లోమం నుంచి ఇన్సులిన్‌ను విడుదల చేయిస్తాయి కనుక, తినని రోజున చక్కెర ప్రమాదకరంగా పడిపోవచ్చు. ఇవి మెట్‌ఫార్మిన్‌తో కలిపి ఒకే మాత్రగా కూడా వస్తాయి కనుక అట్ట మీద పేర్లన్నీ చదవాలి. ఏకాదశికైనా, రంజాన్‌కైనా ముందే వైద్యుడిని కలిసి మోతాదు, వేళలు మార్పించుకోవాలి. చెమట, వణుకు, గుండెదడ మొదలై చక్కెర 70 మి.గ్రా. కన్నా తగ్గితే, స్పృహలో ఉన్నవారికి మూడు చెంచాల పంచదార నీళ్లలో కలిపి ఇచ్చి, 15 నిమిషాల తర్వాత మళ్లీ పరీక్షించాలి. వోగ్లిబోస్ అనే మధుమేహ మందు వాడేవారిలో పంచదార నెమ్మదిగా జీర్ణమవుతుంది కనుక వారికి గ్లూకోజు పొడే ఇవ్వాలి. స్పృహ తప్పితే నోట్లో ఏమీ పోయకుండా ఆసుపత్రికి తరలించాలి.

అపోహ: పథ్యంతో చక్కెర అదుపులోకి వచ్చింది, ఇక మందు ఆపేయవచ్చు.

వాస్తవం: ఇందులో కొంత నిజముంది. బ్రిటన్‌లో జరిగి, 2017లో ఫలితాలు వెలువడిన డైరెక్ట్ (DiRECT) అనే అధ్యయనంలో, ఆహారం బాగా తగ్గించి బరువు కోల్పోయేలా చూసిన బృందంలో 46 శాతం మంది ఏడాది తర్వాత మందులు లేకుండానే మధుమేహ స్థాయికి దిగువన ఉన్నారు. అయితే వారంతా టైప్ 2 మధుమేహం వచ్చి ఆరేళ్లు దాటనివారు, ఇన్సులిన్ వాడనివారు, నిరంతర పర్యవేక్షణలో ఉన్నవారు. టైప్ 1, అంటే ఒంట్లో ఇన్సులిన్ దాదాపుగా తయారుకాని రకం మధుమేహం ఉన్నవారికి ఇది వర్తించదు. వారు ఎంత పథ్యం చేసినా, ఇన్సులిన్ మానితే రక్తంలో ఆమ్లాలు పేరుకుపోయే కీటోయాసిడోసిస్ వచ్చి కొద్ది రోజుల్లోనే ప్రాణాల మీదికి వస్తుంది.