సాలీళ్లకు ముప్పు ఎంత? ఇంకా తేలని లెక్క

పులుల సంఖ్య పెరిగినా వార్తే, తగ్గినా వార్తే. సాలీళ్ల సంగతి ఎవరికీ పట్టదు. ఇప్పటివరకు శాస్త్రీయ నామం పొందిన సాలీడు జాతులు 50 వేలు దాటాయి. వాటిలో అంతరించే ముప్పు ఏ మేరకు ఉందో ప్రపంచస్థాయిలో పద్ధతి ప్రకారం మదింపు చేసినవి కొన్ని వందలు మాత్రమే. తక్కినవి క్షేమంగానే ఉన్నాయని అనుకుంటే పొరపాటు. వాటిని ఎవరూ పరిశీలించలేదు.

పేర్లు పెట్టే పని మాత్రం చాలా ముందే మొదలైంది. స్వీడన్‌కు చెందిన కార్ల్ క్లెర్క్ తన దేశంలోని సాలీళ్లపై 1757లోనే పుస్తకం ప్రచురించారు. జంతువుల శాస్త్రీయ నామకరణానికి 1758 నాటి స్వీడన్ శాస్త్రవేత్త లిన్నేయస్ గ్రంథాన్నే ఆరంభంగా తీసుకుంటారు. అంతకు ముందు పెట్టిన పేర్లు చెల్లవు. ఆ నియమం నుంచి క్లెర్క్ పేర్లకు ప్రత్యేక మినహాయింపు ఇచ్చారు. ఇంత ఘనమైన ఆరంభం తర్వాత కూడా ఏ జాతి ఎక్కడ బతుకుతోంది, తగ్గిపోతోందా అని ఆరా తీసినవారు చాలా తక్కువ.

మ్యూజియంలో ఆల్కహాల్ నింపిన చిన్న గాజు సీసా, అందులో ఒక సాలీడు, దానితోపాటు చోటు, తేదీ రాసిన చీటీ. ఎన్నో జాతుల గురించి మనకు తెలిసింది ఇంతే. కొన్నింటిలో ఆడది మాత్రమే దొరికింది, కొన్నింటిలో మగది మాత్రమే. పిల్ల సాలీడు దొరికితే జాతి చెప్పడం తరచూ సాధ్యం కాదు. అది ఎదిగి, జననాంగాలు పూర్తిగా ఏర్పడ్డాక సూక్ష్మదర్శిని కింద చూస్తే గానీ తేలదు. పోనీ చీటీనైనా నమ్మవచ్చా అంటే అదీ లేదు. నీలిరంగులో మెరిసే పీసిలోథీరియా మెటాలికా అనే టరాంటులాను (ఒళ్లంతా నూగు ఉండే పెద్ద సాలీడును) 1899లో తొలిసారి వర్ణించారు. అప్పటి నమూనా దొరికింది గుత్తి రైల్వే స్టేషన్ కలప యార్డులో. ఆ తర్వాత శతాబ్దం పాటు దాని జాడ లేదు. చివరికి 2001లో అక్కడికి దాదాపు 100 కిలోమీటర్ల దూరాన, నంద్యాల, గిద్దలూరుల మధ్య అడవిలో కనిపించింది. ఆ తొలి నమూనా దుంగలతోపాటు రైల్లో వచ్చి ఉంటుందని భావిస్తున్నారు.

1948లో ఏర్పడిన అంతర్జాతీయ ప్రకృతి పరిరక్షణ సంఘం 1964లో రెడ్ లిస్ట్‌ను, అంటే ఏ జాతికి అంతరించే ముప్పు ఎంత ఉందో చెప్పే జాబితాను ప్రారంభించింది. 1994లో దానికి అంకెలతో కూడిన ప్రమాణాలు వచ్చాయి. పదేళ్లలో లేదా మూడు తరాల్లో సంఖ్య ఎంత తగ్గింది, సంతానం కనగల జీవులు ఎన్ని మిగిలాయి వంటి ప్రశ్నలు అందులో ఉంటాయి. ఏనుగు విషయంలో వీటికి జవాబు వెతకవచ్చు. ఆకుల చెత్త కింద బతికే రెండు మిల్లీమీటర్ల సాలీడును పదేళ్ల కిందట లెక్కపెట్టినవారెవరు?

అందుకే సాలీళ్ల మదింపు ఎక్కువగా విస్తీర్ణం మీదే ఆధారపడుతుంది. రెండు కిలోమీటర్ల గళ్లుగా విభజించిన పటం మీద జాతి ఉన్న గళ్లను లెక్కిస్తారు. వాటి విస్తీర్ణం 500 చదరపు కిలోమీటర్ల లోపే ఉండి, ఆవాసం క్షీణిస్తూ, జాతి కొద్ది చోట్లకే పరిమితమైతే దాన్ని ప్రమాదంలో ఉన్నదిగా గుర్తిస్తారు. ఇక్కడే పెద్ద చిక్కు ఉంది. గడి ఖాళీగా ఉంటే అక్కడ సాలీడు లేదనా, వెతికినవారు లేరనా? తప్పుడు భయం, తప్పుడు ధీమా రెండింటికీ ఈ పద్ధతిలో చోటుంది. అయినా దీన్ని వదులుకోలేం. ఆ నీలి టరాంటులాను 2008లో అత్యంత ప్రమాదకర స్థితిలో ఉన్న జాతిగా ప్రకటించడానికి ఆధారమైంది దాని ఆవాసం 100 చదరపు కిలోమీటర్ల లోపే ఉండటం.

అమెరికాకు చెందిన సాలీళ్ల శాస్త్రవేత్త నార్మన్ ప్లాట్నిక్ రూపొందించిన ప్రపంచ సాలీళ్ల జాబితా 2000లో ఇంటర్నెట్‌లోకి వచ్చాక, చెల్లాచెదురుగా ఉన్న పేర్లు ఒకచోట చేరాయి. 2014 నుంచి దాన్ని స్విట్జర్లాండ్‌లోని బెర్న్ సహజ చరిత్ర మ్యూజియం చూసుకుంటోంది. ఇన్ని వేల జాతులను ఒక్కొక్కటిగా మదింపు చేయడం ఇప్పట్లో అయ్యే పని కాదు. అందుకని పరిశోధకులు 200 జాతులను లాటరీ పద్ధతిలో ఎంచుకుని, వాటి వివరాలను 2018లో ప్రచురించారు. నాకు ఇది ఎంతో నిజాయతీ గల దారి అనిపిస్తుంది. అందమైనవాటినో, అరుదైనవాటినో ఏరుకుంటే మొత్తం పరిస్థితి ఎన్నటికీ తెలియదు.

శ్రద్ధగా చూస్తే ఏం తెలుస్తుందో అట్లాంటిక్ సముద్రంలో పోర్చుగల్‌కు చెందిన మదీరా సమీపంలోని డెజెర్టా గ్రాండే దీవి చూపిస్తుంది. హోగ్నా ఇంజెన్స్ అనే పెద్ద తోడేలు సాలీడు ప్రపంచం మొత్తం మీద ఆ దీవిలోని ఒక్క లోయలోనే ఉంటుంది. కాళ్లు చాపితే 12 సెంటీమీటర్లు. రాళ్ల కిందా నేల పగుళ్లలోనూ తలదాచుకుంటుంది. బయటి నుంచి వచ్చిన ఫలారిస్ గడ్డి దట్టంగా అల్లుకుని ఆ సందులను మూసేస్తోంది. లెక్కలు తీశారు, ముప్పు గుర్తించారు, గడ్డి తొలగింపు మొదలుపెట్టారు. 2017లో ఇంగ్లండ్‌లోని బ్రిస్టల్ జూలో ఈ సాలీడుకు వెయ్యికి పైగా పిల్లలు పుట్టాయి. దీవి చిన్నది, లోయ ఒక్కటే, సాలీడు కంటికి ఆనేంత పెద్దది కాబట్టి ఇదంతా సాధ్యమైంది. ఉష్ణమండల అడవుల్లో చెట్ల చిటారుకొమ్మల మీద బతికే బుల్లి జాతుల్లో ఎన్నో ఇప్పటికీ ఆ సీసాలో, ఆ చీటీ పక్కనే ఉన్నాయి.