"తినలేదమ్మా, కారంగా ఉంది"

మే నెల. గుంటూరు బ్రాడీపేటలో మా అమ్మ కొత్తావకాయ కలిపి జాడీకెత్తి వాసెన కట్టింది. మూడో రోజు తిరగకలిపేదాకా ఎవరూ ముట్టుకోకూడదని ఆర్డర్. మధ్యాహ్నం నిద్రలేచి చూస్తే వాసెన పక్కకి జరిగి ఉంది. నాలుగేళ్ల మా చిన్నది కుడిచెయ్యి వీపు వెనక దాచుకుని గుమ్మంలో నిలబడింది. గౌను మీద ఎర్రటి నూనె మరక.

"ఆవకాయ తిన్నావా?"

"తినలేదమ్మా. చాలా కారంగా ఉంది."

మా అమ్మ "మొక్కై వంగనిది..." అని మొదలుపెట్టింది. నాకు మాత్రం నవ్వాగలేదు. ఇలాంటి దొంగతనమే చార్లెస్ డార్విన్ ఇంట్లోనూ జరిగింది మరి. తన పెద్దకొడుకు పసితనం గురించి ఆయన 1877లో ‘మైండ్’ పత్రికలో రాశాడు. పిల్లాడికి అప్పటికి రెండున్నరేళ్లు దాటాయి. భోజనాల గదిలోంచి బట్టల మీద తొడిగిన పైగౌనును జాగ్రత్తగా చుట్టి పట్టుకుని వస్తున్నాడు. ఏముందంటే ఏమీ లేదన్నాడు, పైగా తండ్రినే వెళ్లిపొమ్మన్నాడు. విప్పి చూస్తే పచ్చడి మరక! అంతకు రెండు వారాల ముందు వాడు అదే గదిలో చక్కెర తిని వింతగా ప్రవర్తిస్తూ వచ్చినప్పుడు, వాణ్ని ఎప్పుడూ ఏ రకంగానూ శిక్షించలేదు కాబట్టి అది భయం కాదనీ, సరదాకూ అంతరాత్మకూ మధ్య పెనుగులాట అయివుంటుందనీ డార్విన్ అనుకున్నాడు. ఈ పచ్చడి దొంగతనాన్ని మాత్రం జాగ్రత్తగా పథకం వేసిన మోసమే అన్నాడు.

టొరంటో విశ్వవిద్యాలయంలో కాంగ్ లీ బృందం ఇదే విషయాన్ని ఏళ్ల తరబడి పరీక్షించింది. పిల్లల వెనక ఒక బొమ్మ పెట్టి, తిరిగి చూడొద్దని చెప్పి, పెద్దవాళ్లు బయటికి వెళ్తారు. దాచిన కెమెరా చూస్తూనే ఉంటుంది. చాలామంది ఆగలేక చూసేస్తారు. "చూశావా?" అని అడిగితే అలా చూసిన రెండేళ్ల వాళ్లలో సుమారు 30 శాతం, మూడేళ్ల వాళ్లలో సగం, నాలుగేళ్ల వాళ్లలో 80 శాతానికి పైగా లేదంటారు. అసలు చిక్కు ఆ తర్వాతి ప్రశ్నతో వస్తుంది: "అయితే అది ఏ బొమ్మ అనుకుంటున్నావు?" చిన్నవాళ్లు టక్కున బొమ్మ పేరు చెప్పేస్తారు.

మా చిన్నది చేసిందీ అదే. అబద్ధం ఆడాలంటే ముందు నాకు తెలిసింది అమ్మకు తెలియదన్న సంగతి తట్టాలి. నోటిదాకా వచ్చిన నిజాన్ని ఆపాలి. ఆ తర్వాత మాట్లాడే ప్రతి మాటా ఆ అబద్ధానికి అతకాలి. మొదటి రెండూ నాలుగేళ్లకు కాస్త పట్టుబడతాయి, మూడోది ఇంకా రెండుమూడేళ్లకు గానీ రాదు. చైనా పిల్లలతో చేసి 2015లో ప్రచురించిన ఒక అధ్యయనంలో, అబద్ధమాడటం రాని మూడేళ్ల పిల్లలకు ఎదుటివాళ్ల మనసులో ఏముందో ఊహించడం నేర్పారు. వాళ్లు అబద్ధాలు మొదలుపెట్టారు.

మరి వాత పెడితేనో? పశ్చిమాఫ్రికాలో రెండు బడుల పిల్లలను పోల్చి చూశారు. దెబ్బలు కొట్టే బడిలోని మూడు నాలుగేళ్ల పిల్లలు ఎక్కువ అబద్ధాలాడారు, పైగా రెండో ప్రశ్నకు కూడా మరింత నేర్పుగా తప్పించుకున్నారు. అంటే దెబ్బ అబద్ధానికి కోచింగ్ అన్నమాట. గుంటూరులో కోచింగులకు కొదవా, ఇంట్లో కూడా ఎందుకు?

ఇందులో నా తప్పూ ఉంది. మరక కళ్లముందే కనిపిస్తుంటే "తిన్నావా?" అని అడగడం దేనికి? తెలిసిన సంగతిని ప్రశ్నగా మార్చి, అబద్ధానికి నేనే తలుపు తీశాను. "నోరు మండుతోందా? రా, చెయ్యి కడుక్కుందాం" అంటే సరిపోయేది. కాస్త ఆలస్యంగానైనా అదే అన్నాను. చెయ్యి ముందుకొచ్చింది.

మూడో రోజు మా అమ్మ ఆవకాయ తిరగకలిపి, వేడన్నంలో నెయ్యి వేసి మొదటి ముద్ద దాని నోట్లో పెట్టింది.

"ఎలా ఉందే?"

"మొన్నటికంటే బాగుంది అమ్మమ్మా."